ఒక్క వేలు దగ్గర చెడిన బేరం

పందొమ్మిది వందల నలభై ఐదు వానాకాలం మొదట్లో సాముయేలు చేతిలో ఉన్న ఆస్తిని లెక్కగడితే ఒక ఎర్ర తువ్వాల, ఒక ముల్లుకర్ర, పాలు తగ్గిన ఆవు, మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాటిన కూతురు. వీటికి తోడు చేవెళ్ల, షాబాదు అంగళ్లలో అతని మాటకున్న విలువ. మొయినాబాదులో మట్టిగోడల ఇల్లొకటి ఉంది గానీ, వాన పడ్డప్పుడల్లా దాన్ని ఆస్తి కింద రాయాలో అప్పు కింద రాయాలో అతనికే తెలిసేది కాదు.

ఒకప్పుడు సొంతానికి ఎడ్లు కొని అమ్మినవాడు. ఇప్పుడు దళారి. ఒకరి ఎడ్లకు మరొకరితో బేరం కుదిర్చి, రెండు వైపులా ఇచ్చింది తీసుకుని ఇంటికి పోతాడు. ఆ పనికి ఎర్ర తువ్వాలే పెట్టుబడి. ఎడ్ల అంగట్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చేయి, కొనేవాడి చేయి కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. కింద వేళ్లు మాట్లాడతాయి. ఒక వేలు నొక్కితే ఒక ధర, రెండు కలిపి పట్టుకుంటే మరో ధర. చుట్టూ పదిమంది నిలబడి చూసినా వాళ్లకు తెలిసేది ఇద్దరు మనుషుల మొహాలే.

బేరం కుదిరితే సరే. చెడితే చేతులు బయటికొస్తాయి, తువ్వాల దులుపుతారు, అంతటితో ముగిసింది. ఏ వేలు దగ్గర చెడిందో తర్వాత ఎవరూ నోరు విప్పరు. అది కట్టుబాటు. ఇందులో భయభక్తులేమీ లేవు, వ్యాపారమే ఉంది. నిన్న ఎంతకు ఇవ్వనన్నావో బయటపడితే ఇవాళ కొనేవాడు అక్కడి నుంచి కిందికే దిగుతాడు.

సాముయేలు ఆ కట్టుబాటును ఇంటిదాకా మోసుకొచ్చాడు. కుండ పగిలితే పగిలిందే, పగలకపోయి ఉంటే బాగుండేదని ఆ ఇంట్లో ఎవరైనా అంటే ఊరుకునేవాడు కాదు. "పోయిన బేరం ముచ్చట నా ఇంట్ల వద్దు" అనేవాడు. ఆ ఇంట్లో షరతులన్నీ ముందుకే నడిచేవి. ఆవుకు నీళ్లు పెడితే అంగట్లోంచి గాజులు తెస్త. పాఠం అప్పజెప్తే బెల్లం పెడ్త. కూతురు ప్రేమమ్మ అట్లాంటి మాటల మధ్యనే పెరిగింది. షరతు వినపడిందంటే ఎదురుగా ఒక బేరం ఉన్నట్టే, అది ఇంకా తెరిచే ఉన్నట్టే.

తమాషా ఏమిటంటే, అంగట్లో అందరికీ తెలిసిన చెడిన బేరం సాముయేలుదే. తొమ్మిదేళ్ల కింద అతని దగ్గర కిలారి జాతి ఎడ్ల జోడు ఒకటి ఉండేది. అవి మెడలెత్తి నడిస్తే షాబాదు అంగడంతా తోవ ఇచ్చేది. పట్నం నుంచి వచ్చిన సావుకారు ఒకడు ఎవరూ ఇవ్వనంత ధరకు వచ్చాడు. సాముయేలు ఇంకొక్క వేలు అడిగాడు. సావుకారు చేయి లాక్కున్నాడు. అంగడి కట్టుబాటు తెలియని మనిషి గనక, "ఒక్క వేలు కోసం చెడగొట్టుకున్నాడు చూడండయ్యా" అని నడిబజార్లో అరిచి పోయాడు. మరుసటి ఏడు గాలికుంటు రోగం వచ్చి ఒక ఎద్దు పోయింది. జోడు లేని రెండోదాన్ని అడిగినవాడికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి దళారి.

చేవెళ్ల అంగట్లో ఎల్లేశ్ అనే మరో దళారికి ఇది తరగని సరుకు. కట్టుబాటు ప్రకారం నోటితో అనకూడదు గనక, సాముయేలు కనబడగానే చూపుడు వేలు నిలబెట్టి చూపించేవాడు.

"ఏం సామన్నా, ఇయ్యాల ఏలు ఒంటి మీదనే ఉన్నదా, ఇంటికాడ పెట్టొచ్చినవా?"

"నీ నాలిక నోట్లనే ఉన్నదా లేదా ముందుగాల నువ్వు సూసుకో" అని సాముయేలు ముందుకు పోయేవాడు. కానీ ఆ వేలు చూసిన ప్రతిసారీ లోపల ఒక నష్టాన్ని కొత్తగా రాసుకునేవాడు.

ఆ వానాకాలం ఒక అంగడి రోజున స్వామిదాసు పంతులు సైకిలు తోసుకుంటూ ఎడ్ల మధ్యకు వచ్చాడు. మొయినాబాదు మిషన్ బడిలో ప్రేమమ్మకు ఇంగ్లీషు చెప్పినవాడు. చేవెళ్ల తోవలో మిషనోళ్ల చిన్న దవాఖాన ఉంది. అక్కడి డాక్టరమ్మ ఈ వైపు నుంచి ఒక్క ఆడపిల్లను నర్సు పని నేర్చుకోవడానికి తీసుకుంటానంది. రెండేళ్లు నేర్పు, తిండి, బట్ట, తర్వాత నౌకరి. మందుల పేర్ల నుంచి డాక్టరమ్మ మాటల దాకా అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే గనక, ఇంగ్లీషు తెలిసిన పిల్లే కావాలి. తన ఇంటికి వచ్చిన బేరాలన్నింటిలో ఇదే మంచిదని సాముయేలు లెక్క. ప్రేమమ్మ మొన్న శనివారమే డాక్టరమ్మ ముందుకు పోయి వచ్చింది. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. ఆవుకు నీళ్లు పెట్టి పడుకుంది.

"వందనాలు సారు. పిల్ల సీటు ఖాయమైనట్టేనా?"

"అది చెప్పనీకే వచ్చిన సాముయేలు. కాలే."

సాముయేలు తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు. "ఎందుకు కాలే? చదివిన పిల్లనే గద."

"జర పక్కకు రా, చెప్త." పంతులు అతన్ని బండ్ల చాటుకు తీసుకుపోయాడు. "దవాఖానల మంచం మీద ఒక అవ్వ ఉన్నది. జరంతోని పడ్డది. డాక్టరమ్మ ఇంగ్లీషుల ఏమన్నదంటే, ఈ అవ్వ పొద్దుగాల మందు తాగి ఉంటే ఇప్పుడు లేచి కూసుండేది అని. గంతే. మన ప్రేమమ్మ ఉరికిపోయి అవ్వను లేపి కూసుండబెట్టింది."

"అవ్వ మందు తాగలేదు గద మరి?"

"తాగలే. అందుకే లేవలే. కూసుండబెట్టంగనే కండ్లు తిరిగి పక్కకు ఒరిగింది. డాక్టరమ్మ పట్టుకున్నది గనక సరిపోయింది. నా మాట తెలియని పిల్లను రోగుల నడుమ ఎట్ల ఇడిసిపెట్టాలె అన్నది."

సాముయేలుకు కూతురి మీద కోపం వచ్చింది, తర్వాత పంతులు మీద. "నేను ఇంగ్లీషు రానోన్ని, నాకు తెల్సింది. దానికి తెల్వకపోవుడేంది? మీరేం చెప్పిండ్రు సారూ ఇన్ని దినాలు?"

"నువ్వు తెలుగుల ఇన్నవు గనక తెల్సింది. నేను అడిగిన, ఎందుకు గట్ల చేసినవు బిడ్డా అని. ఏమన్నదో తెల్సా? ఇంగ్లీషుల ఇఫ్ అని ఇనబడంగనే మా బాపు తువ్వాల కింద చెయ్యి పెట్టినట్టే ఉంటది సారు, ఇంక జరగబోయేదే అనిపిస్తది అన్నది."

సాముయేలు చేయి భుజం మీది తువ్వాల మీదికి పోయింది.

"సంగతంతా నిన్నటిదే అయితే ఎట్లనో తిప్పలు పడి చెప్తది. ముందుముక్క నిన్నటిది, ఎనుకముక్క ఇయ్యాల్టిది అయితేనే ఆగమైతది. మందు తాగకపోవుడు పొద్దుటి సంగతి, లేవకపోవుడు ఇప్పటి సంగతి. రెండు కాలాలు కలిపిన వాక్యం అది. దాంట్ల ఇప్పుడు అన్న మాట ఇనబడితే చాలు, అది నిజంగ కండ్ల ముందల ఉన్నదనుకుంటది."

"తప్పు దానిది కాదు సారు" అన్నాడు సాముయేలు. "నిన్నటి బేరం నిన్నటిది, ఇయ్యాల్టిది ఇయ్యాల్టిది. రెండు కలిపి ఒక్క పద్దుల పెడితే ఎవలైన ఆగమైతరు."

"గా పద్దే నేర్పాలె మనం. నేను బోర్డు మీద రాసి సూత్రం చెప్పిన, కంఠస్థం చేసింది. ఇంత మంచిగ ఎవ్వలు అప్పజెప్పరు. కని లోపల పట్టలే. నీ ఇంట్ల జరిగింది ఒకటి గిట్లనే కలిపి తెలుగుల చెప్పు బిడ్డా అంటే, మా ఇంట్ల గట్ల మాట్లాడరు సారు అన్నది. బోర్డు మీది వాక్యాలకు దానికి చుట్టరికం లేదు సాముయేలు. నీ బతుకుల జరిగింది ఒకటి చెప్పు దానికి. పోయింది ఏదన్న."

"పోయిన బేరం ముచ్చట నేను ఎత్త సారు. కట్టుబాటు."

"ఇల్లు అంగడి కాదయ్యా." పంతులు సైకిలు ఎక్కాడు. "డాక్టరమ్మ సోమవారం మళ్ల ఒక్కసారి చూస్తనన్నది. అప్పటికీ కాకపోతే వేరే ఊరి పిల్లను తీసుకుంటది. నేను బతిమాలి పెట్టిన గడువు అది. ఇంక నీ ఇష్టం."

ఆ రోజు సాముయేలు రెండు బేరాలు కుదిర్చాడు. రెండింట్లోనూ అతని ధ్యాస ఇంటి మీదే ఉంది.

ఆదివారం గుడి నుంచి వచ్చి తిన్నాక, మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని కూతుర్ని పిలిచాడు. ప్రేమమ్మ పుస్తకం పట్టుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. భార్య పెంటమ్మ లోపల పొయ్యి దగ్గర తడికట్టెలతో అవస్థ పడుతోంది.

"పుస్తకం పక్కన పెట్టు. చెయ్యి ఇటు తే."

ప్రేమమ్మ చేయి ఇచ్చింది. అతను ఎర్ర తువ్వాల కప్పాడు. చిన్నప్పుడు ఇట్లా ఆడుకునేవాళ్లు, అందుకే ఆమెకు కొంచెం నవ్వు వచ్చింది.

"ఏం కొంటున్నవు బాపూ?"

"కొంటలేను. చెడిన బేరం సూపిస్తున్న." చూపుడు వేలు నొక్కాడు. "ఇది ఆనాడు. ఆనాడు ఒకటి జరగలే." చిటికెన వేలు నొక్కాడు. "ఇది ఇయ్యాల. ఆనాడు అది జరగలేదు గనక ఇయ్యాల ఇది లేదు. ఈ రెండు వేళ్ల నడుమ ఎంత దూరమున్నా చెయ్యి ఒక్కటే. తెల్సిందా?"

"చెయ్యి తెల్సింది." ప్రేమమ్మ తువ్వాల వైపు చూసింది. "జరగనిదేంది, లేనిదేంది చెప్పు మరి. ఉత్త వేళ్లు నొక్కితే నాకేం తెలుస్తది?"

అది సాముయేలు తొమ్మిదేళ్లుగా నోటికి రానివ్వని సంగతి. బయటికి తీస్తే ధర పడిపోతుందేమోనన్న భయం ఇంకా ఉంది, అమ్మడానికి సరుకు లేకపోయినా.

"ఎల్లేశ్ నాకు ఏలు సూపిస్తడు చూడు, ఎందుకో ఎరుకనా? మనకు కిలారి జోడు ఉండె. షాబాదుల ఒక్క ఏలు కాడ బేరం చెడగొట్టిన. ఆనాడు ఆ జోడు అమ్మి ఉంటే, ఇయ్యాల మనకు పెంకుటిల్లు ఉంటుండె."

ప్రేమమ్మ తల ఎత్తి ఇంటి కప్పు చూసింది. మొన్నటి వానకు జారిన గడ్డి అట్లాగే వేలాడుతోంది. "ఆనాడు అమ్మలే" అంది నెమ్మదిగా. "అందుకే ఇయ్యాల పెంకుటిల్లు లేదు."

"గదే. గంతే బిడ్డా!"

అతను సంబరపడ్డాడు గానీ ప్రేమమ్మ మొహం వెలగలేదు.  "అయితే బాపూ, ఇవన్ని ఏడుపు మాటలేనా? మందు తాగి ఉంటే, ఎడ్లు అమ్మి ఉంటే... లేనిదాని కోసం ఏడిసేటందుకేనా ఇంగ్లీషోళ్లు ఇంత కష్టపడి నేర్పిస్తరు? నాకు రేపు డాక్టరమ్మ ముందల ఇవి నోట్లకెల్లి రావు."

సాముయేలు లెక్కలో నష్టాన్ని నష్టమనే చెప్పాలి, ఇంకేం చెప్పాలి?

పొయ్యి దగ్గర నుంచి పెంటమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఊదుగొట్టం.

"ఏం లెక్కయ్యా అది? సగం లెక్క."

"నీకేం తెలుసు అంగడి సంగతి?"

"అంగడి సంగతి నాకు నువ్వెప్పుడు చెప్పినవు? కని నువ్వు షాబాదు నుంచి ఆ జోడును మళ్ల ఇంటికి తోలుకొచ్చి, తువ్వాల ఇసిరికొట్టిన పొద్దు నాకు మంచిగ యాదికున్నది. ఆ జోడు అమ్మి ఉంటే ఇయ్యాల నీకు పెంకుటిల్లు ఉంటుండె. ఈ పోరి ఉంటుండెనా? నీ తువ్వాల కింద చెయ్యి పెట్టెటందుకు ఎవరుంటుండె?"

సాముయేలు తువ్వాల కింది చేయిని గట్టిగా పట్టుకున్నాడు.

బేరం చెడడం, పిల్ల దక్కడం రెండూ ఒక్క రోజువే. అది అతనికి తెలియక కాదు. కానీ ఎడ్ల సంగతి అంగడి ఖాతాలో రాశాడు, పిల్ల సంగతి ఇంటి ఖాతాలో రాశాడు. దాన్ని నష్టమన్నాడు, దీన్ని దేవుని దయ అన్నాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎన్నడూ చూడలేదు.

"ఏమైంది అవ్వా ఆనాడు?" అని తల్లిని అడిగింది ప్రేమమ్మ. తనను చిన్నప్పుడు బండిలో వేసి దవాఖానకు తీసుకుపోయారని ఆమెకు తెలుసు. మిగతాది తెలియదు.

పెంటమ్మ గడప మీద కూర్చుని చెప్పింది. పిల్లకు గొంతు వాచింది. నీళ్లు కూడా దిగడం లేదు, ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తోంది. రాత్రంతా వాన. దుక్కుల కాలం గనక ఊళ్లో ఎడ్లు పొలాల్లో ఉన్నాయి, ఇళ్ల దగ్గర ఎడ్లున్నవాళ్లు వాగు చూసి బండి కట్టబోమన్నారు. అంతలో సాముయేలు కిలారి జోడును తోలుకుంటూ, లోకం మీద కోపంగా వచ్చాడు. అతను దాటి వచ్చిన వాగే వెనకాల ఇంకా పొంగింది. పిల్లను చూసి మాట్లాడకుండా వాటినే బండికి కట్టాడు. నడివాగులో నీళ్లు బండి అడుగును తాకాయి. చక్రం ఇసుకలో దిగింది. కిలారి ఎడ్లు మెడలు వంచి, మోకాళ్ల మీద పడి లేచి, బండిని అవతలి గడ్డకు లాగాయి.

"ఊళ్లె ఇంకే ఎడ్లు లాగకపోతుండె" అంది పెంటమ్మ. "ఇంకొక్క గంట ఆలస్యమైతే పిల్ల దక్కకపోయేదని దవాఖానల డాక్టరమ్మ అన్నది. నాకు అంగట్ల ఏం జరిగిందో తెల్వది. ఎడ్లు ఇంటికొచ్చినయి. గంతవరకే నా లెక్క."

 ప్రేమమ్మ పెదవులు కదిలించుకుంటోంది. తువ్వాల కింద తన చూపుడు వేలును తనే తండ్రి చేతికి నొక్కింది. తర్వాత చిటికెన వేలు.

"ఆనాడు అమ్మలే" అంది. "అందుకే ఇయ్యాల నేనున్న."

ఆ వెంటనే ఇంగ్లీషులో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది: "ఇఫ్ బాపు హాడ్ సోల్డ్ ద బుల్స్, ఐ వుడ్ నాట్ బి హియర్ నౌ." సాముయేలుకు అందులో ఒక్క బాపు అన్న మాటే తెలిసింది. కానీ కూతురి మొహంలో బేరం కుదిరిన మనిషి వెలుగు చూశాడు. అది పోల్చుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

"లేనిదాని కోసమే కాదు బాపూ" అంది ప్రేమమ్మ. "ఉన్నది ఎట్లొచ్చిందో కూడ చెప్పొచ్చు దీనితోని."

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆవును కొనకపోయి ఉంటే, పంతులు మా ఊరికి రాకపోయి ఉంటే, వాన పడి ఉండకపోతే అంటూ ఇల్లంతా తిరిగింది. ముందు తెలుగులో, వెనకే ఇంగ్లీషులో. చివరికి పెంటమ్మకూ ఆ గాలి సోకింది.

"మొన్న నువ్వు ఎండుకట్టెలు తెచ్చి ఉంటే" అంది భర్తతో, "ఇయ్యాల నా కండ్లు మండకపోతుండె. ఇది కూడ నేర్పు నీ బిడ్డకు ఇంగ్లీషుల."

సోమవారం పొద్దున సాముయేలు, స్వామిదాసు పంతులు దవాఖాన వసారాలో కిటికీ పక్కన నిలబడ్డారు. లోపల మంచం మీద ఒక తల్లి, ఆమె ఒళ్లో విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డ. డాక్టరమ్మ బిడ్డ పొట్ట చూసి, తల్లిని రెండు మాటలు అడిగి, ప్రేమమ్మ వైపు తిరగకుండానే ఇంగ్లీషులో ఏదో అంది.

"ఏమన్నది సారు?"

పంతులు గుసగుసగా చెప్పాడు. "ఈ తల్లి నీళ్లు కాగబెట్టి పోసి ఉంటే, ఈ బిడ్డ ఇప్పుడు ఆడుకుంటుండె."

ప్రేమమ్మ కదల్లేదు. పక్కనున్న నర్సు చేతిలో ఒక గిలక ఉంది, పిల్లల్ని ఆడించేది. అది ప్రేమమ్మ కళ్ల ముందే ఉంది. సాముయేలు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "పోరి నిలవడ్డదేంది సారూ?" అన్నాడు. పంతులు అతని చేయి నొక్కాడు, ఊరుకోమని.

ప్రేమమ్మ గిలకను ముట్టుకోలేదు. తల్లి పక్కనున్న నీళ్ల చెంబు తీసుకుంది.

"అక్కా, ఇవి ఏ బాయి నీళ్లు? కాగబెట్టలే గద?"

"లేదమ్మా, గట్లనే పోసిన."

ప్రేమమ్మ ఆ నీళ్లు పారబోసి, దవాఖాన కుండలోంచి వేరే నీళ్లు ముంచుకుని, తండ్రి ముందు నుంచే అతన్ని చూడకుండా దాటి, వసారా చివర పొయ్యి మీద గిన్నె పెట్టింది. కట్టెలు ఎగదోసి మంట చేసింది. నీళ్లు మరిగేదాకా అక్కడే నిలబడింది. వెనకాల డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి చూస్తోందని ఆమెకు తెలియదు. సాముయేలుకు తెలుసు. కొనేవాడి కళ్లు ఎప్పుడు సరుకు మీద నిలుస్తాయో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

డాక్టరమ్మది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "సాముయేలు గారూ, మీ కుమార్తెను మేము చేర్చుకొందుము" అంది. "శనివారము చేసిన పొరపాటు నేడు చేయలేదు. ఆమెకు ఎవరు నేర్పిరి?"

"పంతులు సారు సూత్రం చెప్పిండు దొరసానీ" అన్నాడు సాముయేలు. "మా ఇంటిది లెక్క సరిచేసింది. మిగిలింది ఎడ్లు."

డాక్టరమ్మకు ఎడ్ల సంగతి అర్థం కాలేదు. అయినా నవ్వి చేయి చాచింది. బేరం అయ్యాక చేయి చాచిన మనిషి ఎదురుగా ఉంటే, ఇన్నేళ్ల అలవాటు ఊరుకోదు. సాముయేలు ఆ చేయి అందుకుని పైన ఎర్ర తువ్వాల కప్పేశాడు.

"ఏం చేస్తున్నవయ్యా!" పంతులు కంగారుపడ్డాడు.

"పిల్ల ఇంటికి వచ్చే దినాల సంగతి తేలలేదు సారు. చెప్పుండ్రి దొరసానికి. నెలకు రెండు ఆదివారాలు." రెండు వేళ్లు పట్టుకున్నాడు.

పంతులు సిగ్గుపడుతూనే ఇంగ్లీషులో చెప్పాడు, ఎడ్ల అంగట్లో ఇట్లా చేస్తారని కూడా చెప్పాడు. డాక్టరమ్మ ముందు నోరు తెరిచింది, తర్వాత గట్టిగా నవ్వింది. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు. తువ్వాల కింద ఆమె ఒక వేలు మడిచేసింది. ఒక్కటే మిగిల్చింది.

సాముయేలు ఆగాడు. ఇంకొక్క వేలు. అడగాలని నాలుక కొస దాకా వచ్చింది. అతని చేతికి ఆ దురద కొత్తది కాదు, షాబాదులో కూడా ఇట్లాగే పుట్టింది. అక్కడ పొయ్యి దగ్గర కూతురు కొంగుతో గిన్నె దించుతోంది.

"ఖాయం" అన్నాడు. తువ్వాల తీశాడు.

తర్వాతి చేవెళ్ల అంగట్లో ఎల్లేశ్ దూరం నుంచే చూపుడు వేలు నిలబెట్టాడు. సాముయేలు ఈసారి దాటుకుని పోలేదు. దగ్గరికి పోయి, ఆ వేలును తన తువ్వాలతో కప్పి పట్టుకున్నాడు. చుట్టూ నలుగురు చేరారు.

"ఎల్లేశూ, ఆనాడు షాబాదుల ఈ ఏలు ఇడిసిపెట్టి ఉంటే, నా బిడ్డ ఇయ్యాల దవాఖానల తెల్లచీర కట్టుకొని ఉండకపోతుండె."

"పోయిన బేరం ముచ్చట తీస్తున్నవేందన్నా! కట్టుబాటు ఏమైంది?"

"పోలేదు గద, అందుకే తీస్తున్న." జోడు ఇంటికి రావడం, వాగు, పిల్ల గొంతు, అన్నీ చెప్పాడు. చెబుతుంటే ధర ఏమీ పడిపోలేదు.

ఎల్లేశ్ తువ్వాల కింది నుంచి వేలు మెల్లగా లాక్కున్నాడు. కాసేపు ఎడ్ల వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "సామన్నా, మా కోడలికి నెలలు నిండినయి. మీ పిల్లతోని జర ఒక మాట చెప్పరాదే" అన్నాడు.

"తోలుకపో. నా పేరు చెప్పు. నీళ్లు కాగబెట్టినవా అని అడుగుతది, లేదనకు."

ఇంటికి నడుస్తూ సాముయేలు పాత లెక్కను మొదటి నుంచి మళ్లీ కట్టాడు. పోయినవి: కిలారి జోడు, కట్టని పెంకుటిల్లు, తొమ్మిదేళ్లు భరించిన ఎల్లేశ్ వేలు. వచ్చినవి: కూతురు, నెలకు ఒక ఆదివారం ఆమె ఇంటికొచ్చి చెప్పే ముచ్చట్లు, ఎల్లేశ్ ఇంట్లో పుట్టబోయే ఒక మనవడో మనవరాలో, పెంటమ్మ దగ్గర నేర్చుకున్న కొత్త కూడిక. ఆవు ఇంకా పాలు తక్కువే ఇస్తోంది, కప్పు ఇంకా కారుతోంది, వాటిని ఉన్నచోటే ఉంచాడు. మిగిలినదంతా ఒక పక్కకు చేర్చి చూస్తే, ఆ జోడుకు అంతకు మించిన ధర ఏ అంగట్లోనూ పలికేది కాదు.